అపార్ట్‌మెంట్ నీళ్ల బిల్లు ఫ్లాటుకి 1,850. మీ దగ్గర ఎంత పడుతోంది?

కొమ్మాది402
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో కొమ్మాది దగ్గర 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇదివరకు నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలిపీసేవారు, అందులో నీళ్లకెంతో ఎవరికీ తెలిసేది కాదు. కిందటి వేసవి నుంచి విడిగా వేస్తున్నారు. మొదట్లో ఫ్లాటుకి 650. తర్వాత 900. ఈ నెల వాట్సాప్ గ్రూపులో 1,850 అని పెట్టారు. మా ఇంటి కరెంటు బిల్లే అంత రాదు.

మేం ఇద్దరమే ఉంటాం, ఇద్దరం పొద్దున పోతే రాత్రికే రావడం. ఎదురు ఫ్లాటులో ఏడుగురు. వాళ్లకీ అంతే, మాకూ అంతే. సెక్రటరీ గారిని అడిగితే "ట్యాంకర్లండీ, ఏం చేస్తాం మరి" అంటారు. నాకు రెండు విషయాలు కావాలి. మీ దగ్గర ఎంత వేస్తున్నారు? ఎలా పంచుతున్నారు, ఫ్లాటుకా, మనిషికా, చదరపు అడుగులకా?

పీఎంపాలెం_పిల్లి
ఆదివారం, రాత్రి 9:52

మాకు 1,200. మేమూ ఏడుస్తూనే కడుతున్నాం.

ఎంవీపీ_పాతకాపు
ఆదివారం, రాత్రి 10:05

మాది సొంత ఇల్లు, కొళాయి కనెక్షన్ ఉంది. కొళాయి బిల్లు చూస్తే మీరంతా నన్ను తిడతారు, అంత తక్కువ. కానీ వచ్చేది పొద్దున కాసేపే. మిగతా రోజంతా బోరు మీదే బతుకు. ఆ బోరు నీళ్లు ఏటేటా ఉప్పగా అవుతున్నాయి. సముద్రం పక్కన ఇల్లంటే అందరూ కుళ్లుకుంటారు గానీ, గీజరు విప్పి చూపిస్తే ఆ కుళ్లు పోతుంది. లోపల కాయిల్ మీద వేలెడు మందాన తెల్ల పెచ్చు. బిల్లు తక్కువే, మరి గీజర్లకి, షవర్లకి, ట్యాపులకి పోసిన డబ్బు ఏ బిల్లులో రాయాలి?

లెక్కలమాస్టారు
ఆదివారం, రాత్రి 10:31

కొమ్మాది గారూ, 1,850 ఎక్కువా తక్కువా అని ఇక్కడెవరం చెప్పలేం. అది ఏయే ఖర్చులు కలిస్తే అయిందో ముందు చూడాలి. కొళాయి నీళ్లకెంత, ట్యాంకర్లకెంత, మోటార్ల కరెంటుకెంత, మరమ్మతులకెంత. సెక్రటరీ గారి దగ్గర పుస్తకం ఉంటుంది, సభ్యులు అడిగితే చూపించాలి. తగువుగా కాకుండా "నేనూ సాయం చేస్తానండీ" అని అడగండి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, చేస్తానన్నవాణ్ణి కాదనరు.

గాజువాక_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:40

సెక్రటరీ పోస్టంటే ఏటనుకున్నారు మాస్టారూ. జీతం లేదు గానీ తిట్లకి లోటు లేదు. నేను రెండు టెర్ములు చేసీసి దండం పెట్టీసేను.

కొమ్మాది402
సోమవారం, రాత్రి 8:15

మాస్టారు చెప్పినట్టే సెక్రటరీ గారిని అడిగాను. పాపం, ఆయనే పుస్తకం చేతిలో పెట్టీసారు. ఈ నెల లెక్క ఇది:

ట్యాంకర్లు 38,400 (5,000 లీటర్లవి 48, ఒక్కోటి 800)
కొళాయి నీళ్లు 4,100
మోటార్ల కరెంటు 6,500
ప్లంబరు, మరమ్మతులు 3,500
సాఫ్టెనర్‌కి (నీళ్ల కాఠిన్యం తగ్గించే మిషను) ఉప్పు 3,000

మొత్తం 55,500. ముప్ఫైతో భాగిస్తే 1,850. లెక్క తప్పు లేదు.

పీఎంపాలెం_పిల్లి
సోమవారం, రాత్రి 8:21

నలభై ఎనిమిదా!! అపార్ట్‌మెంటా, చెరువా?

లెక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 9:02

బిల్లులో మూడింట రెండు వంతులు ట్యాంకర్లే. కొళాయి నీళ్లు వందకి ఎనిమిది రూపాయలు కూడా లేవు. అంటే మీకు పెరిగింది కొళాయి ధర కాదు. కొళాయి నీళ్లు చాలక బయట కొంటున్న నీళ్ల ఖర్చు. ఈ రెంటినీ ఒకే "వాటర్ బిల్లు" పేరు కింద వేసి నెత్తిన కొడుతున్నారు కాబట్టి అందరూ కార్పొరేషన్ని తిట్టుకుంటున్నారు.

48 ట్యాంకర్లంటే 2,40,000 లీటర్లు, రోజుకి 8,000. వెయ్యి లీటర్లకి 160 రూపాయలు పడింది. మీ అపార్ట్‌మెంట్‌లో వందమంది ఉంటారనుకుందాం. మురుగు పైపుల వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు చాలునని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన మీకు రోజుకి 13,500 లీటర్లు కావాలి. ట్యాంకర్లే 8,000 పోస్తున్నాయి. మిగతా 5,500 కొళాయి, బోరు కలిసి ఇవ్వాలి. ఇస్తున్నాయా, ఇంకా ఎక్కువ ఇస్తున్నాయా? అది కొలవండి.

ఇంకొకటి. మోటార్ల కరెంటు 6,500 నాకు నమ్మశక్యంగా లేదు. వెయ్యి లీటర్లని సంపు నుంచి 25 మీటర్ల ఎత్తు ట్యాంకుకి ఎక్కించడానికి, మోటారు ఎంత ముసలిదైనా, యూనిట్‌లో ఆరో వంతు, ఏడో వంతు కాలుతుంది. నెలకి 6 లక్షల లీటర్లు ఎక్కించినా 100 యూనిట్లు. వంద మీటర్ల లోతు బోరు అయితే వెయ్యి లీటర్లకి ముప్పావు యూనిట్ దాకా పడుతుంది, దానికీ ఇంకో వంద వేసుకోండి. యూనిట్ 8 రూపాయలు చొప్పున మొత్తం 1,600. మిగతా 4,900 లిఫ్టు, మెట్ల మీద లైట్లు, సెల్లార్ లైట్లు అయి ఉండాలి. కామన్ మీటరు బిల్లు మొత్తం నీళ్ల ఖాతాలో రాసేసినట్టున్నారు.

గాజువాక_బాబాయ్
సోమవారం, రాత్రి 9:20

మాస్టారు లెక్క బాగుంది గానీ నాకొక అనుమానం. ట్యాంకరు మీద 5,000 అని రాసుంటే లోపల 5,000 ఉన్నాయని ఎవడు కొలిచేడు? పైన మూత తీసి చూసేరా? సగం ట్యాంకర్లకి మూత దాకా నింపరు. నింపినా సందులూ గొందులూ తిరిగి వచ్చీసరికి కారిపోతాది. ఇంకొందరు అడుగున కొంత ఉంచీసి "అయిపోనాదండీ" అని పైపు చుట్టీస్తారు.

మా దగ్గర మేం చేసింది ఇది. సంపు కొలతలు తీసుకున్నాం. వెదురు కర్రకి సుద్దముక్కతో గీతలు పెట్టేం. ట్యాంకరు రాకముందు ఒకసారి ముంచి చూడటం, పోసేక ఒకసారి చూడటం. కర్ర తడి ఎంతవరకూ ఉందో అదే లెక్క. వాచ్‌మన్‌కి ఒక పుస్తకం ఇచ్చీసేం. కర్ర పెట్టిన రోజు నుంచి ట్యాంకరు వాడు మర్యాదగా నింపడం మొదలెట్టేడు.

మధురవాడ_అద్దెవాడు
సోమవారం, రాత్రి 9:48

మనిషికింత అని వేస్తే అద్దెకుండేవాళ్లకి నరకమండీ. మా ఓనరు "నీళ్లు మీ ఖాతా" అన్నారు, సరే. మొన్న మా అమ్మానాన్న నెల్లాళ్లు ఉండి వెళ్లారు. అసోసియేషన్ నుంచి ఒకాయన వచ్చి "మీ ఇంట్లో ఇప్పుడెంతమంది" అని గుమ్మంలో నిలబెట్టి అడిగారు. జనాభా లెక్కల వాళ్లు కూడా అలా అడగరు.

సీతమ్మధార_కోడలు
సోమవారం, రాత్రి 10:10

మనిషి లెక్క మా దగ్గర కూడా పెట్టారు, మూడు నెలలు కూడా నడవలేదు. మా అత్తగారిని లెక్కలో వేశారు. ఆవిడ మడి కట్టుకుంటారు, రెండుసార్లు స్నానం. పక్కింటి పాప ఏడాది పిల్ల, ఆ పాపని లెక్కలో వేయలేదు. పాప బట్టలు రోజుకి రెండుసార్లు మిషన్‌లో పడతాయి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వాడతారో మీటింగులో పెద్ద చర్చ. ఆఖరికి మా అత్తగారు లేచి "నేను ఊరెళ్లిపోతాలెండి, మీ నీళ్లు మిగుల్తాయి" అన్నారు. అప్పటితో ఆ పద్ధతి ఆగిపోయింది.

చదరపు అడుగుల లెక్క కూడా సరైంది కాదు. మూడు బెడ్‌రూముల ఫ్లాటులో ఒక్క ముసలాయన ఉంటే ఆయనేం పాపం చేశారు?

పాత_ఫిట్టరు
మంగళవారం, ఉదయం 6:30

నేను నీటి సరఫరా పనిలోనే రిటైరయ్యాను. ఎక్కడ పనిచేశానో అడక్కండి, వద్దు.

ఇక్కడ చాలామందికి మన ఊరి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలీదని చూస్తున్నాను. సముద్రం ఒడ్డున ఉన్నాం గానీ మనకి చెప్పుకోదగ్గ నది లేదు. ఊళ్లో ఉన్నవి ముడసర్లోవ, పెందుర్తి వైపు మేహాద్రిగెడ్డ, ఇటు గంభీరం. ఇవి చిన్నవి. అసలు భారం మోసేవి బయటివి. దేవరాపల్లి దగ్గర శారద నది మీద రైవాడ. గోస్తని మీద తాటిపూడి. ఏలేరు రిజర్వాయరు నుంచి వచ్చే ఎడమ కాలువ. స్టీలు ప్లాంటు అవసరానికి తవ్విన కాలువ అది, సుమారు 150 కిలోమీటర్లు. ఏలేరులో నీళ్లు తగ్గితే గోదావరి నీళ్లు ఎత్తిపోయాలి. 2017లో మొదలైన పురుషోత్తపట్నం ఎత్తిపోతల అందుకే పనికొస్తుంది.

2022లో జిల్లాలు విడగొట్టాక చూడండి. రైవాడ అనకాపల్లి జిల్లాలో ఉంది, తాటిపూడి విజయనగరంలో, ఏలేరు కాకినాడ జిల్లాలో. మనం పక్క జిల్లాల నీళ్లు తాగుతున్నాం. రైవాడ నీళ్లు మా పొలాలకే ఇవ్వాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే.

అంత దూరం నుంచి వచ్చిన నీళ్లని శుద్ధి చేసి మళ్లీ కొండల ఊరికి ఎక్కించాలి. మన ఊరు పళ్లెంలా ఉండదు కదా. ఒక వీధి పల్లం, పక్క వీధి మెరక. చివర ఉన్న కాలనీకి, మెరకలో ఉన్న కాలనీకి ప్రెషర్ అందదు. మధ్యలో ఎవరో ఒకరు పైపుకి నేరుగా మోటారు పెట్టి లాగేస్తారు. అది నేరం, దానికి తోడు మెరక వాడి గొంతు కోసినట్టే. మోటారు సంపుకి పెట్టుకోవాలి, మెయిన్ లైనుకి కాదు. ఈ ముక్క ఎన్ని ఇళ్లల్లో చెప్పానో, చెప్పిన ప్రతి ఇంట్లో "మేం పెట్టలేదండీ, పక్కవాళ్లు" అన్నారు.

దొండపర్తి_కొండమెట్లు
మంగళవారం, ఉదయం 7:15

అందరూ అపార్ట్‌మెంట్ల గురించే మాట్లాడుతున్నారు. మేం కొండవాలు మీద ఉంటాం. కింద వీధి కొళాయి దగ్గర పట్టుకుని మెట్లెక్కాలి. మా అమ్మకి మోకాళ్లు అరిగింది నీళ్ల బిందెలకే. ఇంటికి 135 లీటర్లు వస్తే పండగ మాకు, మీరు మనిషికి 135 అంటున్నారు. బిల్లు మాకు తక్కువే, నిజమే. ఆ మెట్ల ఖరీదు ఎవరూ లెక్క కట్టరు.

కొమ్మాది402
మంగళవారం, ఉదయం 8:02

మీరన్నది నిజమండీ. నేనడిగింది మా బిల్లు గురించే గానీ ఈ మాట ఇక్కడ పడాల్సిందే.

ప్రజలపక్షం
మంగళవారం, ఉదయం 11:30

కర్రలూ గీతలూ కాదు సార్. నీళ్లు ప్రాథమిక హక్కు. 2020 నవంబరులో జీవోలు 196, 197, 198 తెచ్చినప్పుడే చెప్పాం. ఆస్తి పన్ను ఆస్తి విలువ మీద వేస్తారు, ఏటా 15 శాతం దాకా పెంచుకుంటూ పోతారు, నీళ్లకీ డ్రైనేజీకీ యూజర్ ఛార్జీలంటారు, మీటర్లంటారు. అప్పుడు ధర్నాల్లో ఎంతమంది కూర్చున్నారు? ప్రభుత్వాలు మారాయి, పన్ను తగ్గిందా? పైగా ఆస్తి పన్నులో నీటి పన్ను అనే భాగం మున్సిపల్ చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. అక్కడ ఒకసారి, ఇక్కడ ఒకసారి కడుతున్నాం. ఇప్పుడు లీటర్లు కొలుచుకుంటూ మీరే ఆ మీటర్లకి దారి వేస్తున్నారు.

ఎంవీపీ_పాతకాపు
మంగళవారం, మధ్యాహ్నం 12:10

బాబూ, ఆస్తి పన్ను సంగతి నాకూ మంటే. ఏప్రిల్ 30 లోపు మొత్తం కట్టీసి 5 శాతం రాయితీ తీసుకోవడం తప్ప నేనేం చేయలేకపోతున్నాను. కానీ కొమ్మాది గారి బిల్లులో కొళాయి నీళ్లు 4,100, ట్యాంకర్లు 38,400. ఏ జీవో రద్దు చేయిస్తే ఆ 38,400 తగ్గుతుందో చెప్పు.

ప్రజలపక్షం
మంగళవారం, మధ్యాహ్నం 12:25

కొళాయి నీళ్లు సరిపడా ఇస్తే ట్యాంకరెందుకు కొంటారు? కొత్త కాలనీలకి, కొత్త టవర్లకి ప్లాన్లు ఇచ్చేటప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూశారా? అక్కడ అడగాలి.

లెక్కలమాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఈ ప్రశ్న మాత్రం సరైంది.

నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 12:58

ఏ ప్రభుత్వం మంచిది అనే చర్చ ఇక్కడితో ఆపండి. ఒక ఆరు పోస్టులు తీసేశాను, వాటిలో నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

కొమ్మాది402
మంగళవారం, రాత్రి 10:50

కొలతలు తెచ్చాను. మా సంపు లోపల 4 మీటర్లు, 3 మీటర్లు. అంటే 12 చదరపు మీటర్లు. 5,000 లీటర్లు పోస్తే మట్టం 41 సెంటీమీటర్లు పైనే పెరగాలి. సాయంత్రం ట్యాంకరు వచ్చింది. నేనూ వాచ్‌మనూ కర్ర పట్టుకుని నిలబడ్డాం. డ్రైవరు వింతగా చూశాడు. పెరిగింది 34 సెంటీమీటర్లు. అంటే 4,080 లీటర్లు.

కొళాయి వదిలినప్పుడు సంపు 65 సెంటీమీటర్లు పెరుగుతోంది, అంటే 7,800 లీటర్లు. నేననుకున్న దానికంటే చాలా ఎక్కువే వస్తోంది. బోరు ఇప్పుడు 40 నిమిషాలకి మించి ఆడట్లేదు, తర్వాత గాలి లాగుతోంది. 20 లీటర్ల బకెట్ 15 సెకన్లలో నిండింది. 3,200 లీటర్లన్నమాట.

లెక్కలమాస్టారు
మంగళవారం, రాత్రి 11:15

శభాష్. ట్యాంకర్లు కాగితం మీద 8,000, నిజానికి 6,500. కొళాయి 7,800. బోరు 3,200. మొత్తం 17,500. వందమందికి 13,500 చాలాలి. రోజుకి 4,000 లీటర్లు ఎటో పోతున్నాయి. అందరూ 135 వాడరు కాబట్టి ఇంకా ఎక్కువే పోతుండవచ్చు.

ఇప్పుడు రాత్రి పరీక్ష చేయండి. అందరూ పడుకున్నాక పైన ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం కొలవండి. మోటారు వేయవద్దు. తెల్లారుజామున మళ్లీ కొలవండి. సంపుకి కూడా అలాగే. సంపు తగ్గితే సంపులో పగులు. పైది తగ్గితే ఫ్లాట్లలోనో పైపుల్లోనో లీకు.

పాత_ఫిట్టరు
బుధవారం, ఉదయం 6:10

మాస్టారు చెప్పిందానికి ఒక ముక్క కలుపుతాను. సంపులో ఫ్లోట్ వాల్వు చూడండి. కొళాయి నీళ్లు వదిలినప్పుడు సంపు నిండితే అది మూసుకోవాలి. బంతిలోకి నీళ్లు చేరితే పైకి తేలదు, వాల్వు మూసుకోదు. ఓవర్‌ఫ్లో పైపు నేరుగా కాలువలోకి పెట్టి ఉంటే నీళ్లు పోతున్నట్టు ఎవరికీ కనపడదు. అందుకే ఓవర్‌ఫ్లో పైపు ఎప్పుడూ పదిమందికీ కనపడే చోటికి తేవాలి. కిందపడి తడిస్తే ఎవరో ఒకరు అరుస్తారు.

కొళాయి మీటరు ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. మనకి 24 గంటల సరఫరా కాదు. నీళ్లు వదిలేముందు పైపులో ఉన్న గాలి ముందుగా తోసుకొస్తుంది. ఆ గాలికి కూడా మీటరు ముల్లు తిరుగుతుంది. నీళ్లు రాకముందు ఖాళీ పైపుకే మీటరు గిర్రున తిరుగుతుంటే ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. మీటరుకి ముందు ఎయిర్ వాల్వు పెడితే గాలి బయటికి పోతుంది. ఊళ్లో కొన్ని ప్రాంతాల్లో ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పుతో 24 గంటల సరఫరా పనులు చేశారు. పైపు ఎప్పుడూ నిండి ఉంటే ఈ గాలి బాధ ఉండదు. మురుగు లోపలికి లాక్కునే ప్రమాదమూ తగ్గుతుంది.

మీటరు చదవడం ఎలా అని చాలామంది అడుగుతారు. నల్ల అంకెలు వెయ్యి లీటర్ల లెక్క, ఎర్రవి లీటర్లు. ఇంట్లో అన్ని ట్యాపులూ కట్టేసి చూడండి. ఎర్ర ముల్లు ఇంకా కదులుతుంటే లీకు ఉన్నట్టే.

సీతమ్మధార_కోడలు
బుధవారం, ఉదయం 9:25

బాత్రూం ఫ్లష్ ట్యాంకు లీకు కనిపెట్టడానికి నాకు తెలిసిన చిట్కా: రాత్రి పడుకునే ముందు ట్యాంకు మూత తీసి లోపల ఒక చెంచా పసుపు నీళ్లలో కలిపి పోయండి. ఫ్లష్ చేయకుండా వదిలేయండి. పొద్దున కమోడ్‌లో నీళ్లు పచ్చగా ఉంటే రబ్బరు పోయినట్టే. ఈ లీకు చప్పుడు చేయదు, అందుకే మామూలుగా దొరకదు. ఆ రబ్బరు వాషరు ఖరీదు ఎంతని, వంద రూపాయలు కూడా ఉండదు. మా ఇంట్లో అది మార్చడానికి మా ఆయనకి ఏడాది పట్టిందనుకోండి, అది వేరే కథ.

గంభీరం_గట్టు
బుధవారం, మధ్యాహ్నం 2:40

వాన నీటి సంగతి ఎవరూ ఎత్తలేదేం? మన ఊళ్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. మీ డాబా 500 చదరపు మీటర్లుంటే, పడిందాంట్లో అయిదో వంతు పోయినా 4 లక్షల లీటర్లు. 80 ట్యాంకర్లు! 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఇంకుడు గుంతల మాట ఉంది. ప్లాను కాగితం మీద ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఇంకుడు గుంత ఉంటుంది. దిగి చూస్తే దాని మీద స్కూటర్లు పెట్టి ఉంటాయి.

పాత_ఫిట్టరు
బుధవారం, సాయంత్రం 5:05

గట్టు గారూ, లెక్క సరే గానీ వాన పడేటప్పుడు సంపు ఎలాగూ నిండే ఉంటుంది. 4 లక్షల లీటర్లు ఎక్కడ దాస్తారు? కాబట్టి వాన నీళ్లు సంపుకి కాదు, బోరు పక్కన గుంతకి పంపాలి. మనది ఖోండలైటు రాయి నేల. పైన మెత్తబడిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ నీళ్లుంటాయి, మొత్తం రాయిలో కాదు. పక్కింట్లో బోరు పడి మీ ఇంట్లో పడకపోవడం అందుకే. గుంత తవ్వితే మీ బోరే బాగుపడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. వీధంతా తవ్వితే వీధికి మేలు.

పీఎంపాలెం_పిల్లి
బుధవారం, సాయంత్రం 5:30

తాగే నీళ్లకి మేం విడిగా 20 లీటర్ల క్యాన్లు కొంటాం. అదెవరూ బిల్లులో వేసుకోవట్లేదు. నలుగురున్న ఇంటికి నెలకి అదీ ఒక లెక్కే కదా?

ఎంవీపీ_పాతకాపు
బుధవారం, సాయంత్రం 6:12

క్యాను వద్దనుకుని ఆర్ఓ పెట్టుకుంటే, లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. ట్యాంకరు నీళ్లతో ఆర్ఓ నడిపితే కొన్న నీళ్లలో ఎక్కువ భాగం కాలువపాలు. ఆ వృథా పైపుని బకెట్లో పెట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నాం. మొక్కలకి పోయకండి, ఉప్పు పేరుకుంటుంది. నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే అసలు ఆర్ఓ అక్కర్లేదు. అలాంటి చోట్ల ఆర్ఓలు నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుని కొళాయి నీళ్లు ముందు చూసుకోండి.

కొమ్మాది402
శుక్రవారం, రాత్రి 11:05

రాత్రి పరీక్ష అయింది. పైన ట్యాంకు 4 మీటర్లు, రెండున్నర మీటర్లు. రాత్రి 11:30కి కొలిచాం, తెల్లారి 4:30కి కొలిచాం. 12 సెంటీమీటర్లు తగ్గింది. అంటే 1,200 లీటర్లు, అయిదు గంటల్లో. రాత్రి ఎవరో ఒకరు లేస్తారు, అది కొంత తీసేసినా, రోజు మొత్తానికి ఒక ట్యాంకరు నీళ్లు ఇలాగే పోతున్నాయి. సంపు మట్టం కదల్లేదు, దేవుడి దయ.

పసుపు పరీక్ష గురించి గ్రూపులో పెడితే ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ ఫోటోలు పెట్టడం మొదలెట్టారు. పొద్దున్నే వాట్సాప్ నిండా పచ్చ కమోడ్లు, టిఫిను తినేటప్పుడు చూడాల్సి వచ్చింది. సగానికి దగ్గరగా ఫ్లాట్లలో ఒక్క బాత్రూం అయినా లీకే. అందరికంటే పెద్దది తాళం వేసి ఉన్న ఫ్లాటులో. ఓనరు అమెరికాలో ఉంటారు. లోపల రోజంతా ధారగా పోతోంది. ఆ నీళ్ల డబ్బు మిగతా అందరం కడుతున్నాం, ఆయనా కడుతున్నారు పాపం.

కరెంటు విషయం కూడా మాస్టారు చెప్పినట్టే ఉంది. లిఫ్టు బిల్లు అందులోనే ఉంది.

మధురవాడ_అద్దెవాడు
శుక్రవారం, రాత్రి 11:20

మరి ఫ్లాటుకో మీటరు పెట్టిస్తే గొడవ వదుల్తుంది కదా? మనిషి లెక్కలూ, గుమ్మంలో విచారణలూ ఉండవు.

పాత_ఫిట్టరు
శనివారం, ఉదయం 6:20

పెట్టొచ్చు, కానీ పాత అపార్ట్‌మెంట్లలో అంత తేలిక కాదు. కరెంటులా ఒక్క తీగ రాదు కదా. పైన ట్యాంకు నుంచి ఒక్కో బాత్రూం వరసకి ఒక్కో పైపు దిగుతుంది, వంటగదికి ఇంకొకటి. మీ ఫ్లాటుకి నీళ్లు మూడు నాలుగు చోట్ల నుంచి వస్తాయి. అంటే ఫ్లాటుకి మూడు నాలుగు మీటర్లు. గోడలు పగలకొట్టాలి, టైల్సు పోతాయి. డక్టులోకి, అంటే పైపులు దిగే సందులోకి, మనిషి దిగగలిగితే అక్కడ పెట్టొచ్చు. కొత్తగా కట్టేవాళ్లు మాత్రం ఇప్పుడే ఫ్లాటుకి ఒకే లైను అడిగి పెట్టించుకోండి. తర్వాత ఏడవడం కంటే అది చవక.

అంతవరకూ ఒక మధ్యేమార్గం ఉంది. కొళాయి, బోరు ఖర్చు ఫ్లాటుకి సమానంగా వేసుకోండి. ట్యాంకరు ఖర్చు మాత్రం బెడ్‌రూముల లెక్కనో, ఉండే మనుషుల లెక్కనో పంచండి. తాళం వేసిన ఫ్లాటుకి వాల్వు కట్టేయండి, ఓనరుకి చెప్పి.

సీతమ్మధార_కోడలు
శనివారం, ఉదయం 8:40

మనుషుల లెక్క మళ్లీ వచ్చింది! మా అత్తగారికి చూపించను ఈ పోస్టు.

కొమ్మాది402
ఆదివారం, సాయంత్రం 6:30

ఇవాళ మీటింగు అయింది. రబ్బర్లు మార్చడానికి అందరూ ఒప్పుకున్నారు, ప్లంబరుని ఒకేసారి పిలిపించి అసోసియేషన్ డబ్బుతో చేయిస్తాం. అమెరికా ఓనరు గారు వీడియో కాల్‌లో తాళం ఎవరి దగ్గరుందో చెప్పారు. లిఫ్టు కరెంటు మెయింటెనెన్స్‌లోకి మార్చారు. పంపకం మాత్రం తేలలేదు. మనిషి లెక్కకి నేను చేయెత్తాను, నాతో పాటు నలుగురే. ఏడుగురున్న ఎదురింటాయన నా వైపు చూసిన చూపు చెప్పలేను.

ట్యాంకరు విషయం ఇంకా కష్టంగా ఉంది. 34 సెంటీమీటర్ల సంగతి చెబితే సెక్రటరీ గారు "వాడు మానేస్తే మే నెలలో ఎవడొస్తాడు" అంటున్నారు. ఆయన భయం కూడా అర్థమవుతోంది. బాబాయ్ గారూ, మీరెలా మాట్లాడారు వాళ్లతో?

గాజువాక_బాబాయ్
ఆదివారం, రాత్రి 7:45

డ్రైవరుతో మాట్లాడకండి, వాడిదేం లేదు. ఓనరుతో మాట్లాడండి. "మీరు తక్కువ పోస్తున్నారు" అనొద్దు, అంటే గొడవే. "ఇకపై ట్యాంకరుకి కాదు, సెంటీమీటరుకి డబ్బులిస్తాం" అనండి. మీ సంపుకి సెంటీమీటరంటే 120 లీటర్లు. 800కి 5,000 లీటర్లంటే సెంటీమీటరుకి 19 రూపాయల 20 పైసలు. 34 పోస్తే 34కి, 41 పోస్తే 41కి. వాడికీ నష్టం లేదు, మీకూ లేదు. గేటు దగ్గర చీటీ మీద రెండు సంతకాలు, వాచ్‌మన్‌దీ డ్రైవరుదీ. ఇది మార్చిలోనే మాట్లాడుకోవాలి. మేలో మాట్లాడితే మీ మాట ఎవడూ వినడు, అప్పుడు బజారంతా వాడిదే.

ఇంకోటి. ఒక్కడి మీదే ఉండకండి. ఇద్దరు ముగ్గురి నంబర్లు పెట్టుకోండి.

పీఎంపాలెం_పిల్లి
ఆదివారం, రాత్రి 8:02

బాబాయ్ గారూ, మా సంపు గుండ్రంగా ఉంటుంది. సెంటీమీటరుకి ఎన్ని లీటర్లో ఎలా చూడాలి?

లెక్కలమాస్టారు
ఆదివారం, రాత్రి 8:10

అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్ని మీటర్లో కొలిచి చెప్పమ్మా, మిగతాది నేను చేస్తాను.